పొడి డైపర్ బరువు పద్దెనిమిది

తూకాలక్క చేతిలో తడి డైపర్ పెడితే చాలు, దాని బరువెంతో గ్రాముతో సహా చెప్పేస్తుంది. అందులో ఉన్నదాన్ని మర్యాదస్తులు మూత్రం అంటారు, డాక్టర్లు యూరిన్ అంటారు, ఆమె మాత్రం ఉచ్చ అనే అంటుంది. ఇరవై రెండేళ్ళుగా రోజూ చేత్తో పట్టుకుంటున్నదానికి ఇంకా మర్యాదలేమిటని ఆమె వాదన.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్ని ఉంచే గదికి ఆమె పెద్ద నర్సు. ఎనిమిది అద్దాల పెట్టెలు, పెట్టెకో గుప్పెడు ప్రాణం. లోపల ఉక్కపోత, బయట ఏసీ చలి, మధ్యలో టింగ్ టింగ్ మనే మిషన్లు. ఓ మూల బల్ల మీద బంగారం కొట్లో ఉండేలాంటి చిన్న కాటా. మూడు గంటలకోసారి ప్రతి పిల్లకీ డైపర్ విప్పి దాని మీద పెట్టాలి. వచ్చిన అంకెలోంచి పొడి డైపర్ బరువు తీసేస్తే మిగిలింది ఉచ్చ. గ్రాముకో మిల్లీలీటరు. పిల్ల బరువు కిలో అయితే గంటకి కనీసం ఒక మిల్లీలీటరు పొయ్యాలి. అంతకు తగ్గితే కిడ్నీల దగ్గర ఏదో తేడా ఉన్నట్టు, డాక్టర్ని పిలవాల్సిందే. ఏడవడం కూడా సరిగ్గా రాని ఆ పిల్లలు తమ ఒంట్లో సంగతి చెప్పుకునేది ఆ డైపర్ ద్వారానే.

"అక్కా, మూడో నంబరుది" అని జూనియర్ నర్సు ఇస్తే, తూకాలక్క గ్లవ్సు చేతిలో దాన్ని ఓసారి ఎగరేసి పట్టుకుని "ఇరవై తొమ్మిది" అనేది. కాటా మీద పెడితే ఇరవై తొమ్మిదే.

"నువ్వు బంగారం కొట్టు పెట్టుకోవాల్సిందక్కా."

"పెడితే దొంగలొస్తారే. ఇక్కడి సరుకు ఎవడెత్తుకుపోతాడు?"

గదిలో కాటా పైన గోడకి ఒక బోర్డుంది. దాని మీద ఎర్ర ఆయిల్ పెయింటుతో, అక్షరాలకి నల్ల నీడ కూడా వేసి, 'పొడి డైపర్ = 18 గ్రా.' అని రాసి ఉంటుంది. ఆ బోర్డుకో కథ ఉంది. కొత్త ప్యాకెట్ విప్పినప్పుడల్లా అందులోంచి ఒక పొడి డైపర్ తీసి తూచి, ఆ బరువు మార్కర్‌తో గోడ మీద రాయాలని రూలు. ఆ రూలు పెట్టింది తూకాలక్కే. కానీ ఏళ్ళ తరబడి ఒకే కంపెనీ డైపర్లు వచ్చేవి, ఎప్పుడు తూచినా పద్దెనిమిదే. పైగా గది తుడిచేవాళ్ళు రోజూ ఆ అంకెని కూడా తుడిచేసేవారు. రాసి రాసి విసుగొచ్చి, ఒకరోజు ఆమె మొగుణ్ణి పిలిచింది. ఆయన కొట్లకీ బస్సులకీ బోర్డులు రాసే మనిషి. నాలుగు అంగుళాల పద్దెనిమిది రాసి, కింద ఒక వంపు గీత కూడా గీసి, రెండడుగులు వెనక్కి జరిగి తల పక్కకి వాల్చి చూసుకున్నాడు.

"మనం పోయినా ఇది చెరగదు" అన్నాడు.

అది మాత్రం నిజమే చెప్పాడు.

ఇక తూకాలక్క గుట్టు సంగతి. ఊరందరి పిల్లల ఉచ్చా కొలిచే ఆ మనిషికి తనది ఆగదు. రెండో కాన్పు తర్వాత మొదలైంది. దగ్గినా, తుమ్మినా, మరీ ముఖ్యంగా నవ్వినా, ఓ నాలుగు చుక్కలు ఆమెని అడక్కుండానే వచ్చేసేవి. తుమ్ము వచ్చే సూచన కనిపిస్తే కాలు మీద కాలు మెలేసి, బల్ల అంచు పట్టుకుని నిలబడేది. జూనియర్లు దాన్ని స్టైల్ అనుకుని వాళ్ళు కూడా అలాగే నిలబడటం మొదలుపెట్టారు. డ్యూటీలో గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. "నీళ్ళు తాగండే, ఆపుకోకండే, రోగాలొస్తాయి" అని వాళ్ళకి మాత్రం పొద్దున్నే క్లాసు పీకేది.

మొగుడికి తెలుసు. ఆయన అడగడు. ఎప్పుడన్నా ఇంట్లో జోకు వెయ్యబోయి, ఆగి, "పోయొచ్చావా?" అని అడిగి, ఆమె తలూపాకే మిగతా సగం చెప్పేవాడు. ఇరవై ఏడేళ్ళ సంసారంలో అంతకన్నా ప్రేమగా ఎవరూ మాట్లాడలేరని తూకాలక్క అభిప్రాయం.

డ్యూటీలో మరీ అత్యవసరమైతే దానికో ఉపాయం ఉంది. ఆ పిల్లల డైపర్ అరచేయి కన్నా కాస్త పెద్దది, అంతే. పక్కలకి అంటించే రెక్కలు మడిచేస్తే సరిగ్గా సరిపోతుంది. జేబులో పెట్టుకున్నా ఎవరికీ అనుమానం రాదు, పిల్లల నర్సు జేబులో డైపర్ ఉండక ఇంకేముంటుంది! ఏ రెండు మూడు నెలలకో ఒకసారి అంత అవసరం పడేది. పడిన రోజున ఆస్పత్రి సామాను వాడుకున్నానని అరగంట ఎక్కువసేపు పనిచేసి, ఆ పాపం కడిగేసుకుని ఇంటికి పోయేది.

ఇంతలో ఒకటో నంబరు పెట్టెలోకి మేస్త్రీ వచ్చాడు.

రెండు నెలలు ముందే పుట్టేశాడు. కిలో నాలుగొందల గ్రాములు. పుట్టిన గంటకే ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, నుదురు ముడిచి, ఎవరి పని సరిగ్గా లేదో చూస్తున్నట్టు పడుకున్నాడు. అప్పుడే ఆ పేరు ఖాయమైంది. ఊపిరి సాయానికి ముక్కు దగ్గర గాలి గొట్టం పెట్టారు. కడుపు కాస్త ఉబ్బుగా ఉంటే ఆ గాలి పొట్టలోకి పోయిందన్నారు. అలా పోవడం మామూలే కూడా.

మేస్త్రీ వచ్చిన రోజునే స్టోరు నుంచి కొత్త డైపర్ ప్యాకెట్లు కూడా వచ్చాయి. పాతవాటి మీద బాతుల బొమ్మలుండేవి, వీటి మీద ఏనుగులు. "భలే ముద్దొస్తున్నాయే" అని జూనియర్లు మురిసిపోయారు. ఏనుగుల్ని అందరూ చూశారు. తూచిన వాళ్ళు ఎవరూ లేరు. తూచాల్సిన పనేముంది, గోడ మీద రాసే ఉంది కదా!

డైపర్లు తొడిగేదీ విప్పేదీ జూనియర్లు. తూకాలక్క చేతికి తడివే వచ్చేవి. చెయ్యి చెప్పిన అంకే కాటా కూడా చెప్పేది. అందులోంచి పద్దెనిమిది తీసేసి, మిగిలింది చార్టులో రాసేది. మేస్త్రీకి ప్రతి మూడు గంటలకీ ఐదో ఆరో వచ్చేది. గొప్ప మార్కులు కావుగానీ పాసు.

మూడో రోజు పొద్దున మేస్త్రీ వాళ్ళ నాన్న వచ్చాడు. ఆయనకి ఆస్పత్రి ఎదుటి రోడ్డు మలుపులో పళ్ళ కొట్టుంది, అందుకని అందరూ పళ్ళాయన అనేవారు. పెళ్ళాం కింది అంతస్తులో ఆపరేషన్ కుట్లతో పడుకుని ఉంది. ఆయన ఆస్పత్రి గౌను తిరగేసి తొడుక్కుని, కొడుకుని ముట్టుకోవడానికి భయపడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఉన్న ధ్యాసంతా కాటా మీద పెట్టి నిలబడ్డాడు.

"అమ్మా, ఒక్క మాట."

"చెప్పండి."

"ఆ గుడ్డ బరువు తీసేస్తున్నారు కదా?"

"తీసేస్తాం. పద్దెనిమిది. అదిగో, గోడ మీద ఉంది."

పళ్ళాయన బోర్డు చూశాడు, డైపర్ చూశాడు, మళ్ళీ బోర్డు చూశాడు. "అంటే, ఈ గుడ్డ బరువేనా అని. మా కొట్లో బుట్ట మారిస్తే ఖాళీ బుట్టని ఓసారి కాటా మీద పెట్టి చూస్తాం. చూడ్డానికి అన్నీ ఒకలాగే ఉంటాయి గానీ..."

తూకాలక్కకి ఒళ్ళు మండింది. ఈ గదిలో బరువుల గురించి ఆమెకి చెప్పినవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఇక్కడ పుట్టినవాళ్ళకి ఇంకా మాటలే రావు.

"ఇవి బుట్టలు కావండీ. ఇది పళ్ళ కొట్టూ కాదు. మీరు పళ్ళు చూసుకోండి, పిల్లల్ని మేం చూసుకుంటాం."

"తప్పుగా అనుకోకండమ్మా. కాటా కనపడితే నా నోరు ఊరుకోదు" అని ఆయన తల దించుకుని గోడవారకి జరిగాడు.

ఆమె మేస్త్రీ డైపర్ అందుకుని ఎగరేసింది. "ఇరవై నాలుగు." కాటా ఇరవై నాలుగే అంది. "ఆరు పోశాడు. మేస్త్రీ పాసు" అని, పళ్ళాయనకి వినపడేంత గట్టిగా చెప్పి, చార్టులో వేసింది.

పది గంటలకి డాక్టరమ్మ రౌండ్స్‌కి వచ్చింది. వయసులో తూకాలక్క కన్నా చాలా చిన్నది, నిద్ర చాలని కళ్ళు, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక పరాచికం. చార్టులు వరసగా తిరగేసి కనుబొమ్మలు పైకెత్తింది.

"ఏంటి సిస్టర్, రెండ్రోజుల్నించీ మీ గదంతా వరదలు! ఒక్కళ్ళకీ తక్కువ లేదు. ఏం మంత్రం వేశారు?"

"మంత్రం కాదు మేడం, భయం. పొయ్యకపోతే తూకాలక్క కొలుస్తుందని భయం."

డాక్టరమ్మ పకపకా నవ్వింది. జూనియర్లు నవ్వారు. గోడవార నిలబడ్డ పళ్ళాయన కూడా మొహమాటంగా నవ్వాడు. తన జోకుకి తనే అందరికన్నా ఎక్కువ నవ్వే అలవాటు తూకాలక్కకి మొదట్నుంచీ ఉంది. ఆ రోజూ నవ్వింది, కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగు చుక్కలు కాదు, ఈసారి ఏకంగా ఆనకట్టే తెగింది.

"ఇప్పుడే వస్తా మేడం" అని, నవ్వు మొహం అలాగే అతికించుకుని, దారిలో ఓ డైపర్ జేబులో వేసుకుని, ఎవరికీ వీపు చూపించకుండా గోడ పక్కనే నడుచుకుంటూ బాత్రూంలోకి పోయి గడియ పెట్టుకుంది.

అక్కడ, జీవితంలో మొట్టమొదటిసారి, ఏనుగుల బొమ్మ ఉన్న పొడి డైపర్ ఆమె చేతిలోకి వచ్చింది.

రెక్కలు మడవబోతున్న చెయ్యి ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ చెయ్యి అది, దానికి ఎవరూ ఏదీ చెప్పక్కర్లేదు. ఓసారి ఎగరేసింది. మళ్ళీ ఎగరేసింది. ఇరవై మూడు, అంది చెయ్యి.

ఇరవై మూడంటే? పొద్దుటి ఇరవై నాలుగులో మేస్త్రీది ఒకటి. మూడు గంటలకి ఒక్కటి! నిన్నటి ఐదులూ ఆరులూ వరసగా కళ్ళ ముందు తిరిగాయి. సున్నా, ఒకటి, సున్నా, ఒకటి. వరదలన్నీ ఏనుగులవే. మిగతా ఏడుగురూ బాగానే పోస్తున్నారు కాబట్టి ఐదు ఎక్కువ రాసినా ఇంకా గట్టునే ఉన్నారు. మేస్త్రీకి మాత్రం ఆ ఐదే మొత్తం. ఆ ఉబ్బిన కడుపులో ఉన్నది గాలి కాదు.

గడియ తీసి పరుగెత్తింది. పెట్టుకోవాల్సింది చేతిలోనే ఉంది, పెట్టుకోవాల్సిన చోట ఏమీ లేదు. ముదురు నీలం యూనిఫాం ప్యాంటు మీద, ఏ కంటికైనా ఆనేంత మేర, ఇంకా ముదురు నీలం.

గదిలోకి వచ్చి డైపర్‌ని కాటా మీద పడేసింది. ఇరవై మూడు.

"అక్కా" అని జూనియర్ నర్సు దగ్గరికొచ్చి గుసగుసగా అంది, "అక్కా, ప్యాంటు వెనకాల..."

"సిస్టర్, ఏమైంది? ఆ డైపర్ ఎక్కడిది?" డాక్టరమ్మ అడిగింది.

అబద్ధాలకేం, బోలెడున్నాయి. సెలైన్ సీసా ఒలికిందనొచ్చు. బాత్రూంలో పంపు తిప్పితే మీద పడిందనొచ్చు. రూలు ప్రకారం కొత్త ప్యాకెట్ తూచానని కూడా అనొచ్చు, ఎవరూ కాదనరు, పైగా మెచ్చుకుంటారు. కానీ అబద్ధం ఆడాలంటే దాన్ని ముందు నోట్లో సర్దుకోవాలి. ఒకటో నంబరు పెట్టెలో మేస్త్రీ నడుం మీద చెయ్యేసుకుని నుదురు ముడిచి ఇటే చూస్తున్నాడు.

"నాకు ఉచ్చ ఆగదు మేడం. నవ్వితే కారుతుంది. పెట్టుకుందామని ఇది తీసుకెళ్ళా. ఇది పద్దెనిమిది కాదు, ఇరవై మూడు. ఏనుగులొచ్చినప్పుడు నేను తూచలేదు. చార్టులన్నీ తప్పు. మేస్త్రీ రెండు రోజుల్నించీ పొయ్యట్లేదు. రండి."

అందరూ ఒక్కసారే కదిలారు.

డాక్టరమ్మ చేతులు కడుక్కునే లోపే తూకాలక్క గ్లవ్సు తొడుక్కుని పెట్టె కిటికీలోంచి చెయ్యి పెట్టి మేస్త్రీ బొడ్డు కింద రెండు వేళ్ళు ఆనించింది. గట్టిగా, గుండ్రంగా, చిన్న బంతిలా తగిలింది. స్కాన్ మిషన్ దొర్లించుకొచ్చారు. తెర మీద ఉచ్చ సంచి నల్లగా, నిండుగా, గోడలు మందంగా కనపడింది. పైన రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి.

"దారిలో పొర అడ్డం పడినట్టుంది" అంది డాక్టరమ్మ. ఆమె గొంతులో పరాచికం ఎటో పోయింది. "మగపిల్లలకే వస్తుంది. ఉచ్చ దారి మొదట్లో పల్చటి పొర. లోపలికి పోయే గొట్టాన్ని పోనిస్తుంది, బయటికొచ్చే ఉచ్చని ఆపేస్తుంది. చుక్కలు కారతాయి, ధార రాదు. సర్జన్‌ని పిలవండి. ముందు గొట్టం పెట్టి సంచి ఖాళీ చేయాలి, లేకపోతే కిడ్నీలు పోతాయి."

ఫోన్ చేయడానికి జూనియర్ పరుగెత్తింది. తూకాలక్క గోడవార ఉన్న పళ్ళాయన దగ్గరికి వెళ్ళింది. ప్యాంటు మార్చుకోవడానికి వ్యవధి లేదు, ఆలోచనా లేదు.

"మీరు పొద్దున అడిగింది కరెక్టండీ. బుట్ట మారింది. నేను తూచలేదు."

పళ్ళాయన మొహంలో రక్తం లేదు. "అడిగాను కదమ్మా" అన్నాడు. అంతే అన్నాడు. అరిచి ఉంటే బాగుండునని ఆమెకి అనిపించింది. "అడిగాను కదమ్మా" అని మళ్ళీ, ఈసారి నేల వైపు చూస్తూ అన్నాడు. "వాడికేమన్నా అయితే వాళ్ళమ్మకి ఏం చెప్పను?"

ఆమె ఓ స్టూలు లాగి ఆయన్ని కూర్చోబెట్టి, పెట్టె దగ్గరికి పరుగెత్తింది.

సర్జన్ భారీ మనిషి. అరటిపళ్ళలాంటి వేళ్ళు. ఆ వేళ్ళతో ఈ పిల్లలకి ఏం చేస్తాడా అని చూసిన ప్రతివాళ్ళకీ భయం వేసేది, చేశాక ఆశ్చర్యం వేసేది. బుడగ ఉన్న మామూలు గొట్టం ఇంత చిన్నవాడికి పనికిరాదు. అందుకని ఈ గదిలో ముక్కులోంచి పాలు పట్టడానికి వాడే సన్న గొట్టాన్నే తెప్పించాడు.

"పైనుంచి పోసినా ఇదే, కింద నుంచి తీసినా ఇదే" అన్నాడు సర్జన్ గ్లవ్సు తొడుక్కుంటూ. "ఒకే గొట్టంతో సంసారం లాక్కొస్తున్నాం."

మొదటిసారి గొట్టం లోపలికి పోయినట్టే పోయి, పొర వెనకాల చుట్ట చుట్టుకుంది. ఏమీ రాలేదు. సర్జన్ తిట్టలేదు, వెనక్కి తీసి, మళ్ళీ నూనె రాసినంత మెల్లిగా తోశాడు. తూకాలక్క మేస్త్రీ రెండు కాళ్ళూ పట్టుకుని ఉంది. ఆమె బొటనవేలంత ఉంది ఒక్కో పాదం.

గొట్టం చివర ఒక చుక్క తొంగిచూసింది. ఇంకో చుక్క. తర్వాత గీతలా, ఆగకుండా.

గిన్నెలో పట్టిందంతా కొలిచారు. ముప్పై నాలుగు మిల్లీలీటర్లు. కడుపు మీద చర్మం ముడతలు పడింది. మేస్త్రీ నుదురు ముడి విప్పి, పుట్టిన తర్వాత మొదటిసారి, నడుం మీద చెయ్యి తీసి పక్కన పడేశాడు.

"ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే ఏం చెప్పేవాణ్ణో నాకు తెలీదు" అన్నాడు సర్జన్. ఆ మాట ఎవరినీ చూసి అనలేదు. తూకాలక్క మాత్రం తనకే చెప్పినట్టు విని, లోపల దాచుకుంది.

అక్కడితో పని అయిపోలేదు. అడ్డం తీసేశాక అలాంటి పిల్లలు అదుపు లేకుండా పోస్తారు, ఒంట్లో ఉప్పూ నీళ్ళూ అన్నీ దాంతోపాటే పోతాయి. గంట గంటకీ కొలిచి, పోసినదానికి తగ్గట్టు సెలైన్ ఎక్కించాలి, రక్తం పరీక్షించాలి. డ్యూటీ దిగే వేళ అయినా తూకాలక్క దిగలేదు. జూనియర్ తన స్పేర్ ప్యాంటు తెచ్చిచ్చింది. అది తూకాలక్కకి మోకాళ్ళ దాకానే వచ్చింది.

"నవ్వకండే" అంది తూకాలక్క.

ఎవరూ నవ్వలేదు. అసలు బాధ అదే.

మర్నాడు తప్పిదం నివేదిక అనే కాగితం నింపాలన్నారు. అందులో 'లోపాన్ని ఎలా గుర్తించారు' అని ఒక గడి ఉంది. జూనియర్లు రకరకాలుగా సాయం చేయబోయారు. "'నాణ్యతా పరిశీలనలో' అని రాయక్కా." తూకాలక్క కలం నోట్లో పెట్టుకుని కాసేపు ఆలోచించి, 'ఉచ్చ ఆగక, సొంతానికి డైపర్ తీసుకోగా' అని రాసి సంతకం పెట్టింది. ఆ కాగితం సూపరింటెండెంట్ దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, ఆమెకి ఒక మెమో ఇచ్చాడు. మెమోలో సొంతానికి డైపర్ సంగతి ఎత్తలేదు. ఎలా ఎత్తాలో ఆయనకి తెలియలేదు.

గోడ మీది బోర్డు తీయడానికి మొగుడొచ్చాడు. గరుకు కాగితంతో గీకితే పద్దెనిమిది పోదు. పెయింటు కరిగించే మందు రాద్దామంటే పిల్లలకి వాసన పడదు. చివరికి బోర్డు మొత్తం మేకులతో సహా ఊడబీకి చంకన పెట్టుకున్నాడు.

"చెరగదని అప్పుడే చెప్పాగా" అన్నాడు.

"అంత బాగా రాయమని ఎవరన్నారు?"

ఆయన ఒక్క క్షణం ఆగాడు. "పోయొచ్చావా?"

"ఊఁ."

"నెంబరు బాగా రాయడం నా తప్పు, దాన్ని నమ్మడం నీ తప్పు. ఈసారి బస్సుల మీద రాసినట్టు రాస్తా, ఎవరూ నమ్మరు."

ఆమెకి నవ్వు వచ్చింది. రెండు రోజుల తర్వాత వచ్చిన మొదటి నవ్వు. వస్తూ వస్తూ ఏమీ ఒలకబోయకుండా వచ్చింది.

డాక్టరమ్మ ఊరుకోలేదు. తూకాలక్కని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి ఆడవాళ్ళ డాక్టర్ దగ్గర కూర్చోబెట్టింది. అక్కడ ఆమెకి ఓ కసరత్తు చెప్పారు. కింది కండరాన్ని బిగించి, పదిదాకా లెక్కపెట్టి, వదలాలి, రోజుకి మూడుసార్లు. వారం తిరక్కుండా తెలిసిందేమిటంటే, ఆ గదిలో ఆగని వాళ్ళు మొత్తం నలుగురు. అంతదాకా పైకి చెప్పుకున్నది తూకాలక్క ఒక్కతే. ఆ తర్వాత మూడు గంటల తూకానికి ముందు నలుగురూ పెట్టెల మధ్య నిలబడి, పైకి ఏమీ తెలియనట్టు మొహాలు పెట్టి, లోలోపల పదిదాకా లెక్కపెట్టేవారు. డాక్టరమ్మ వచ్చి చూసి "ఏంటి, మౌనం పాటిస్తున్నారా?" అనేది.

మేస్త్రీ గొట్టంతోనే పెరిగాడు. పొర తీసేయాలంటే అందులోకి సన్నటి టెలిస్కోపు దూర్చాలి, అంత దారి వాడికి ఇంకా లేదు. పెరిగేదాకా ఆగాల్సిందే. ఆ గొట్టం జారిపోకుండా ప్లాస్టరు వేయడం, మడత పడిందేమో చూడటం, చీము పట్టకుండా రోజూ కాస్త మందు పట్టడం, అన్నీ తూకాలక్క చేత్తోనే చేసింది. వాళ్ళమ్మ కుట్లు మానాక రోజూ వచ్చి, పెట్టె పక్కన కూర్చుని పాలు పిండి ఇచ్చేది. ఆమెకి సంగతంతా పళ్ళాయన చెప్పేశాడు. మొదటి వారం ఆమె తూకాలక్కతో మాట్లాడలేదు. రెండో వారం ఒకరోజు ఉన్నట్టుండి అడిగింది.

"మీకు నిజంగా నవ్వితే కారుతుందా సిస్టర్?"

"కారుతుంది."

"నాకూ మొదలైంది. ఈయన చూస్తే నవ్వించకుండా ఉండడు." అని ఆమె ముక్కు ఎగబీల్చింది. ఆ పూట తూకాలక్క ఆమెకి కసరత్తు నేర్పింది. క్షమించడం అనేది పుస్తకాల్లో ఎలా ఉంటుందో గానీ, ఆ గదిలో మాత్రం పదిదాకా లెక్కపెట్టడంలా ఉంది.

పళ్ళాయన పలకరింపు కూడా మారిపోయింది. పొద్దున్నే తలుపు దగ్గర నిలబడి, నమస్కారం లేదు, బాగున్నారా లేదు, "బుట్ట?" అని అడిగేవాడు.

"ఇరవై మూడు" అనేది తూకాలక్క, అప్పుడే తూచిన పొడి డైపర్ ఎత్తి చూపించి. అప్పుడు గౌను తొడుక్కునేవాడు. అలా డెబ్భై రోజులు.

రెండు కిలోల ఆరొందలు తూగాక సర్జన్ ఆ అరటిపళ్ళ వేళ్ళతోనే పొర కత్తిరించేశాడు. కుడి కిడ్నీ ఇంకా కాస్త వాచి ఉందని, చాలా ఏళ్ళు చూపించుకుంటూ ఉండాలని, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. రెండు రోజులాగి గొట్టం తీశారు. ఇక వాడంతట వాడు పొయ్యాలి. అదే అసలు పరీక్ష.

డైపర్ విప్పి బల్ల మీద పడుకోబెట్టారు. చుట్టూ సర్జన్, డాక్టరమ్మ, అమ్మా నాన్నా, ఇద్దరు జూనియర్లు, కాళ్ళ దగ్గర తూకాలక్క. మేస్త్రీ నడుం మీద చెయ్యేసుకుని అందరినీ ఒక్కొక్కళ్ళనే చూశాడు. ఐదు నిమిషాలు. పది. పదిహేను.

"ఇంతమంది చూస్తుంటే నేనూ పొయ్యలేను" అన్నాడు సర్జన్.

"కుళాయి తిప్పనా సార్?" జూనియర్ అడిగింది.

"తిప్పకే, ముందు నాకొస్తుంది" అంది తూకాలక్క. వంగి మేస్త్రీ కాళ్ళు పట్టుకుంది, ఆ రోజు పట్టుకున్నట్టే. పాదాలిప్పుడు బొటనవేలికి రెండింతలున్నాయి. "ఒరేయ్ మేస్త్రీ, నా పరువు ఎలాగూ పోయింది. నీదన్నా కాపాడుకోరా."

మేస్త్రీ నుదురు ముడిచాడు. మొహం ఎర్రబడింది. తర్వాత, చుక్కలు కాదు, సన్నగా, మెరుస్తూ, పైకి లేచి వంపు తిరిగి, ఏ బోర్డు రాసేవాడి చేతికీ రానంత చక్కటి వంపు తిరిగి, తూకాలక్క మెడ కింద తగిలి, యూనిఫాం మీదుగా దిగువకి పారింది.

"ధార!" అని అరిచాడు పళ్ళాయన, కొట్లో గిరాకీని పిలిచినట్టు. "ధారండీ, ధార!"

వాళ్ళమ్మ ఏడ్చేసింది. డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. సర్జన్ గబుక్కున పక్కకి జరిగాడు. తూకాలక్క ఎక్కడికీ జరగలేదు. అలాగే కాళ్ళు పట్టుకుని, ధార ఆగేదాకా నిలబడి, నవ్వడం మొదలుపెట్టింది. కాలు మీద కాలు మెలేయకుండా, బల్ల అంచు పట్టుకోకుండా, గోడ పక్కకి జరక్కుండా, కడుపారా నవ్వింది.

"ఎంతుంటుందమ్మా?" అడిగాడు పళ్ళాయన, అలవాటు కొద్దీ.

ప్యాంటు మీద ముదురు నీలం మోకాళ్ళ దాకా దిగింది. అందులో ఎవరి వాటా ఎంతో ఎవరూ తూచలేదు.